ఎడమచేతి బేస్ లోపల కుడిచేతి పాట్‌లు

ఇవాళ శనివారం. నా బేస్ గిటార్ విప్పి బాగుచేయాలని వారమంతా అనుకుంటూనే ఉన్నాను, రోజూ ఆఫీసు నుంచి వచ్చేసరికి ఓపిక ఉండేది కాదు. పొద్దున టిఫిన్ కాగానే చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి సుల్తాన్ బజార్‌లో దిగి, అక్కణ్ణుంచి నడుచుకుంటూ కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళాను. కావాల్సినవి చిన్నవే: మూడు పాట్‌లు (నాబ్ కింద ఉండి శబ్దాన్ని పెంచే, తగ్గించే భాగాలు), ఒక కెపాసిటర్, రాగి టేపు, కాస్త మంచి సోల్డర్.

నాది జాజ్ బేస్ తరహాది. ఫెండర్ కంపెనీ 1960లో తెచ్చిన బేస్ అది. ఇప్పటి రూపంలో రెండు పికప్‌లు (తీగల కదలికని కరెంటు సంకేతంగా మార్చేవి), దేని వాల్యూమ్ నాబ్ దానికి, రెండింటికీ కలిపి ఒక టోన్ నాబ్. నా దగ్గరున్నది దాని ఎడమచేతి రూపం. బాడీ అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటుంది, నెక్ అంచున చుక్కలు నాకు కనిపించే వైపే ఉంటాయి, నట్‌లో, అంటే నెక్ చివర తీగలు ఆనే పట్టీలో, లావు తీగ గాడి కూడా ఉండాల్సిన చోటే ఉంది. పైకి చూస్తే ఏ వంకా పెట్టలేం. కానీ వాల్యూమ్ తగ్గిద్దామని నాబ్ తిప్పితే సగం దాటినా ఏమీ తగ్గదు, ఇంకా తిప్పినా తగ్గదు, చివరికి వచ్చాక మాత్రం ఒక్కసారిగా పడిపోతుంది. పాట మధ్యలో గాయకుడు గొంతు తగ్గించినప్పుడు నేను కూడా కొంచెం తగ్గాలంటే కుదిరేది కాదు, ఉంటే పూర్తిగా ఉండాలి, లేకపోతే మాయమైపోవాలి.

కారణం తెలిశాక చాలా కోపం వచ్చింది. మామూలు గిటార్‌లో వాల్యూమ్ పెంచాలంటే నాబ్‌ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతాం, ఎడమచేతి వాటానికి అది అటుదిటు కావాలి. అందుకని వైర్లు తిప్పి కలిపారు, అంతవరకు బాగానే ఉంది. పాట్‌లు మాత్రం కుడిచేతి గిటార్లలో వాడే లాగ్ రకమే పెట్టేశారు. లాగ్ పాట్‌లో రెసిస్టెన్స్ ఒక వైపు నుంచి మెల్లగా పెరిగి చివర్లో గబగబా పెరుగుతుంది, మన చెవి శబ్దాన్ని వినే తీరుకి అది సరిపోతుంది. దాన్ని తిరగేసి కలిపితే ఆ లెక్కంతా తలకిందులవుతుంది. దీనికి అసలైన మందు సి అని రాసి ఉండే రివర్స్ లాగ్ పాట్. అది గల్లీలో ఎక్కడా దొరకలేదు. రెండో దారి లీనియర్, అంటే బి రకం. అది ఎటు తిప్పినా ఒకేలా పెరుగుతుంది కాబట్టి దానికి కుడీ ఎడమా లేదు.

"అన్నా, 250కె లీనియర్ ఉందా?" అంటే కొట్టతను "బీ టూ ఫిఫ్టీ కదా, ఎన్ని కావాలె?" అని డబ్బాలోంచి గుప్పెడు తీసి ముందు పోశాడు. నేను మల్టీమీటర్ తీసుకెళ్ళాను, ఒక్కోదాన్నీ సరిగ్గా మధ్యకి తిప్పి చూశాను. 250లో సగం, అంటే 125 కిలో ఓమ్‌ల దగ్గర్లో చూపిస్తే లీనియర్, అందులో మూడో వంతు కూడా చూపించకపోతే లాగ్. పైన ఏం రాసి ఉన్నా నమ్మేది మీటర్‌నే. అతనికి నా పరీక్ష నచ్చినట్టుంది, తొందరపెట్టకుండా స్టూల్ జరిపి కూర్చోమన్నాడు. అలాంటి కొట్టుకి మళ్ళీ వెళ్ళబుద్ధవుతుంది.

ఇంటికొచ్చి భోజనం చేసి పనిలో పడ్డాను. తీగలు వదులు చేసి, కంట్రోల్ ప్లేట్ స్క్రూలు తీసి పైకెత్తితే కింద వైర్ల ముడి. ముందు ఫోటో తీసుకున్నాను. జాజ్ బేస్‌లో ఒక చిత్రం ఉంది, పికప్ నుంచి వచ్చే వైరు పాట్ మధ్య కాలికి వెళ్తుంది, బయటికి పోయేది పక్క కాలి నుంచి. అలా ఉంటేనే ఒక వాల్యూమ్ సున్నా చేసినా రెండో పికప్ మోగుతుంది. మిగతా గిటార్ల అలవాటులో కలిపితే ఒకటి ఆపగానే రెండూ ఆగిపోతాయి. పాట్ వీపు మీద గ్రౌండ్ వైరు అతకడం మాత్రం ఓపిక పని. ఆ రేకు వేడంతా లాగేసుకుంటుంది, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలదు, అందుకని 60 వాట్లది అరువు తెచ్చుకున్నాను. వీపుని గరుకు కాగితంతో రుద్ది, ముందు కొంచెం సోల్డర్ పూసి, అది మెరుస్తూ పరుచుకున్నాక వైరు పెట్టి, ఐరన్ తీసేసి ఊపిరి బిగబట్టి కదలకుండా పట్టుకుంటే ఆ మెరుపు కాస్త మసకబారి గట్టిపడుతుంది. అమ్మ వంటింట్లోంచి "ఆ కిటికీ తియ్యరా, ఇల్లంతా పొగ" అంది.

చిన్నప్పుడు ఎడం చేత్తో బలపం పట్టుకుంటే కుడిచేతిలోకి మార్చి దిద్దించారు. ఇప్పటికీ రాసేదీ తినేదీ కుడిచేత్తోనే, దాని గురించి బాధేమీ లేదు. బేస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తీగ మీటే చెయ్యి ఎడమదే కావాలంది, నేనూ దాని మాటే విన్నాను. మొదట్లో కుడిచేతి బేస్‌నే తిరగేసి పట్టుకుని నేర్చుకున్నాను. నాబులు మోచేతి కింద నలిగి వాటంతటవే తిరిగేవి, పై ఫ్రెట్‌లు అందేవి కావు. బీటిల్స్‌లో బేస్ వాయించిన పాల్ మెక్‌కార్ట్నీదీ ఎడమచేతి వాటమే, అతను 1961లో హాంబర్గ్‌లో హాఫ్నర్ కంపెనీ వయొలిన్ ఆకారపు బేస్ కొన్నాడు. ఆ ఆకారం రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కాబట్టి ఎడంవైపు పట్టుకున్నా ఎబ్బెట్టుగా ఉండదని దాన్ని ఎంచుకున్నానని తనే చెప్పాడు. ఆ బేస్ 1972లో దొంగల పాలైంది, మళ్ళీ అతని చేతికి వచ్చిందన్న వార్త 2024లో చదివినప్పుడు నా వస్తువే దొరికినంత సంతోషం కలిగింది. ఎడమచేతి వాటం వాళ్ళకి సరిపోయే వాయిద్యం పోతే ఇంకోటి దొరకడం ఎంత కష్టమో మాకు తెలుసు. ఇక్కడ షాపులో గోడంతా గిటార్లు వేలాడుతుంటాయి, ఒక్కటీ మనది కాదు, ఆర్డర్ ఇచ్చి ఎదురుచూడాలి, వచ్చేదాకా వాయించి చూసే వీలు లేదు.

రాగి టేపు అతికించడానికే ఎక్కువసేపు పట్టింది. మూలల్లో మడతలు పడకుండా గోటితో నొక్కుతూ, ముక్కకీ ముక్కకీ మధ్య ఒక చుక్క సోల్డర్ వేస్తూ, మీటర్ బీప్ అంటోందా అని చూసుకుంటూ. ఆ రేకు ట్యూబ్‌లైట్ల నుంచి, ఛార్జర్ల నుంచి వచ్చే గరగరని తగ్గిస్తుంది, పికప్ కాయిల్ పట్టుకునే హమ్‌ని, అంటే కరెంటు వల్ల వచ్చే సన్నటి మోతని, ఆపలేదు. రెండు వాల్యూమ్‌లూ సమానంగా ఉంటే హమ్ దానంతటదే పోతుంది, రెండు కాయిల్స్ ఒకదానికొకటి వ్యతిరేక దిశలో చుట్టి ఉంటాయి కాబట్టి. ఒకటి తగ్గిస్తే మళ్ళీ మొదలు. మన కరెంటు 50 హెర్ట్జ్, లావు తీగ మీద మూడో ఫ్రెట్‌లో వచ్చే జి స్వరం 49 హెర్ట్జ్. అంటే మన దేశంలో హమ్ సరిగ్గా జి పక్కనే, రవ్వంత పైన కూర్చుంటుంది. జి స్కేల్ పాటల్లో అది నాకెందుకంత చిరాకో ఈ లెక్క చూశాకే అర్థమైంది.

సాయంత్రం తీగలు బిగించి, ట్యూన్ చేసి, ఆంప్‌కి పెట్టాను. నాబ్ తిప్పితే శబ్దం చెప్పిన మాట వింటోంది, సగానికి వస్తే నిజంగా తగ్గింది. బ్రిడ్జ్ పికప్, అంటే తీగల కింది చివర దగ్గర ఉండేది, కొంచెం తగ్గించి ఇళయరాజా పాటల బేస్ లైన్లు వాయించాను, గిటార్ పట్టాలన్న ఆశ పుట్టించినవే అవి. పల్లవిలో నిండుగా, చరణంలోకి రాగానే చిటికెన వేలితో నాబ్ రవ్వంత తగ్గించి, మళ్ళీ పల్లవికి పెంచి, అదే పదే పదే చేశాను. చూసుకోకుండానే వేలు సరైన వైపు తిప్పుతోంది. టోన్ నాబ్ మాత్రం లీనియర్ వల్ల చివర్లోనే పని చేస్తోంది, దానికొక్కదానికైనా రివర్స్ లాగ్ తెప్పించాలి.

ఇంకో ఆలోచన కూడా ఉంది, రెండు పికప్‌లనీ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలిపే చిన్న స్విచ్. శబ్దం ఇంకా లావుగా, గట్టిగా వస్తుంది. దానికి కంట్రోల్ ప్లేట్‌కి రంధ్రం వేయాలి, ఎడమచేతి ప్లేట్ పాడైతే ఇంకోటి ఇక్కడ దొరకదు. రాణిగంజ్ వైపు డ్రిల్లింగ్ శుభ్రంగా చేసేవాళ్ళు ఎవరున్నారో సోమవారం ఆఫీసులో అడిగి చూస్తాను.