పద్నాలుగో వారం: బావిలో ఈత, దేవరకొండ దారిలో ఎదురుగాలి

గోవాలో జరిగే 70.3 ట్రయథ్లాన్‌కు ఇంకా పది వారాల గడువు ఉంది. పేరులోని అంకె మైళ్ల లెక్క. మన కొలతల్లో చెప్పాలంటే 1.9 కిలోమీటర్ల సముద్రపు ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు, అన్నీ కలిపి 113 కిలోమీటర్లు. ఈతకు 1 గంట 10 నిమిషాలు, మొత్తం పోటీకి ఎనిమిదిన్నర గంటలు గడువు. నల్లగొండలో ఉద్యోగం చేసుకుంటూ వారానికి పది గంటలకు మించి సాధనకు కేటాయించలేకపోతున్నాను. గత రెండు వారాలుగా అందులో నాలుగు గంటలు ఈతకే ఇచ్చాను, ఎందుకంటే నాకు గడువు దాటుతుందన్న భయం ఉన్నది అక్కడే.

కనగల్ దగ్గర మా చిన్నాయన పొలంలో ఉన్న బావిలోనే చిన్నప్పుడు నడుముకు బెండు కట్టుకొని ఈత నేర్చుకున్నాను. బావిలో నేర్చిన ఈతకు ఒక అలవాటు ఉంటుంది: తల ఎప్పుడూ నీళ్లపైనే ఉంటుంది. తల పైకి లేచినప్పుడల్లా నడుము, కాళ్లు కిందికి దిగిపోతాయి, దిగిన కాళ్లను లాక్కుంటూ పోవడానికే బలమంతా ఖర్చవుతుంది. పదిహేను నిమిషాలు సరదాగా ఈదేవాడికి దానివల్ల నష్టం లేదు గాని, 1,900 మీటర్లు ఈది ఆ తర్వాత సైకిలెక్కాల్సిన వాడికి అది పెద్ద నష్టమే. నీటి ఉష్ణోగ్రత 24.5 డిగ్రీలు దాటితే ఈ పోటీల్లో వెట్‌సూట్‌ను (ఒంటిని నీళ్లపై తేల్చే రబ్బరు దుస్తును) అనుమతించరు, గోవా సముద్రం అంతకంటే వెచ్చగానే ఉంటుంది, కాబట్టి కాళ్లను తేల్చే పని నా శరీరమే చేయాలి.

తల దించి ఈదడం మొదలుపెట్టాక రెండో లోపం తెలిసింది, అది ఊపిరిది. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, పక్కకు తిరిగినప్పుడు ఒకేసారి వదిలి పీల్చేవాణ్ణి. అలా బిగబట్టినప్పుడు శరీరంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. ఊపిరాడనట్లు అనిపించడానికి ఎక్కువగా అదే కారణం, ప్రాణవాయువు తక్కువై కాదు. ఇప్పుడు ముఖం నీళ్లలోకి వెళ్లిన క్షణం నుంచే ముక్కుతో సన్నగా బుడగలు వదులుతున్నాను. ఒడ్డున కూర్చుని చూసిన చిన్నాయన ఒక్క మాటే అన్నాడు: "నీళ్లతోని కొట్లాడకురా, నీళ్ల మీద పండుకో." నేను చదివిన సలహాల్లో ఏదీ నాకు ఇంత ఉపయోగపడలేదు.

బావి వెడల్పు పదకొండు మీటర్లే కాబట్టి అటూ ఇటూ తిరుగుతూ ఈదితే సగం సమయం మలుపులకే పోతుంది. అందుకు రెండు పాత సైకిల్ ట్యూబులను ముడివేసి, ఒక కొసను మెట్ల పక్కన ఉన్న రాతి స్తంభానికి, మరో కొసను నడుము పట్టీకి కట్టుకొని ఉన్నచోటనే ఈదుతున్నాను. నాలుగేసి నిమిషాల చొప్పున ఆరు విడతలు, మధ్యలో ముప్పై సెకన్ల విరామం. ప్రతి ఎనిమిది బారలకు ఒకసారి కళ్లు మాత్రమే నీటిపైకి ఎత్తి ఒడ్డున ఉన్న వేపచెట్టును చూస్తాను. సముద్రంలో దారి చూపడానికి తేలుతూ ఉంచే గుర్తులను (బోయాలను) గుర్తించడానికి ఇదే సాధన. ఒడ్డున మనిషి లేకుండా ఒక్కరోజు కూడా దిగలేదు. సాగర్ ఎడమ కాలువలో ఈదితే బాగుంటుంది గదా అని ఇద్దరు మిత్రులు అడిగారు. ప్రవాహం ఉన్న కాలువలో నున్నటి సిమెంటు వాలు మీద పాచి పట్టి ఉంటే, ఎంత ఈత వచ్చినవాడైనా పట్టు దొరకక పైకి ఎక్కలేడు. ఆ పని ఎవరూ చేయవద్దు.

దూరం, వేగం కొలవడానికి నెలకు రెండు ఆదివారాలు హైదరాబాద్ వెళ్లి గచ్చిబౌలిలోని 50 మీటర్ల కొలనులో ఈదుతున్నాను. మొదటి వారంలో వంద మీటర్లకు 3 నిమిషాల 5 సెకన్లు పట్టేది, మొన్న సగటున 2 నిమిషాల 32 సెకన్లు వచ్చింది. ఈ లెక్కన 1,900 మీటర్లకు 48 నిమిషాలు చాలు. అలలు, గుంపు తోపులాట కలిపి మరో పది నిమిషాలు పోయినా గడువులోనే ఉంటాను.

శనివారం సైకిల్ మీద దేవరకొండ వైపు 45 కిలోమీటర్లు వెళ్లి తిరిగి వచ్చాను. ఈ నెలల్లో గాలి నైరుతి నుంచే వీస్తుంది కాబట్టి వెళ్లేటప్పుడు ముఖానికి కొట్టింది: పోవడానికి 1 గంట 58 నిమిషాలు, రావడానికి 1 గంట 34 నిమిషాలు. ఎదురుగాలిలో వేగాన్ని చూడకుండా గుండె వేగాన్ని నిమిషానికి 140 దగ్గర నిలుపుకోవడం మంచిదని ఈసారి స్పష్టమైంది, ఎందుకంటే గత నెల గాలితో పోటీపడి తిరుగు దారిలో తొడలు పట్టేశాయి. రోడ్డు అంచున బండి ఆపితే పల్లేరుకాయలు టైర్లకు గుచ్చుకుంటాయి. రెండు ట్యూబులు, టైరు లివర్లు లేకుండా బయలుదేరకూడదు.

దిగిన వెంటనే ఆరు కిలోమీటర్లు పరుగెత్తాను. మొదటి కిలోమీటరులో కాళ్లు నావి కానట్లే ఉన్నాయి, మూడో కిలోమీటరుకు గాని సర్దుకోలేదు.

మంగళవారం గంటన్నర పరుగుకు ముందు 72.4 కిలోలు, తర్వాత 70.6 కిలోలు తూగాను. మధ్యలో తాగింది 600 మిల్లీలీటర్లు. అంటే మొత్తం 2.4 లీటర్ల చెమట, గంటకు 1.6 లీటర్లు. అంత నీటినీ పరుగులోనే తిరిగి తాగడం కడుపుకు సాధ్యం కాదు, అందుకే సైకిల్ మీద ఉన్నప్పుడే ముందుగా తాగాలి. 750 మిల్లీలీటర్ల నీటిలో 50 గ్రాముల చక్కెర, గ్రామున్నర ఉప్పు, అర నిమ్మకాయ రసం కలిపి గంటకు ఒక సీసా చొప్పున తాగుతున్నాను. గ్రామున్నర ఉప్పులో దాదాపు 590 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. దీనితోపాటు చిన్న పులిహోర ముద్దలు ఇమిడాయి. పల్లీపట్టీలు మాత్రం కడుపులోనే నిలిచిపోయాయి, వాటిలోని నూనె అరగడానికి ఎక్కువ సేపు పడుతుంది.

మన జిల్లాలో సాధన చేసేవారు నీటి విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి. ఇక్కడి భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఉంటుందని అందరికీ తెలుసు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. రోజుకు ఆరేడు లీటర్లు తాగే మనిషి ఒంట్లోకి, మూడు లీటర్లు తాగేవాడితో పోలిస్తే, అదే నీటి నుంచి రెట్టింపు ఫ్లోరైడ్ చేరుతుంది. మరిగిస్తే అది పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి దారిలో బోరింగుల దగ్గర సీసాలు నింపడం మానేశాను. ఇంటి నుంచి మూడు సీసాల కృష్ణా నీళ్లు తీసుకెళ్తున్నాను.

వచ్చే ఆదివారం గచ్చిబౌలిలో 1,900 మీటర్లు ఆగకుండా ఈది సమయం రాసుకుంటాను. బావిలో మరో రెండు మెట్లు మునిగాయి కాబట్టి ట్యూబు ముడిని పై మెట్టుకు మార్చాలి.