నేలపట్టులో పక్షుల లెక్క నేర్చుకున్నాను

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతటా ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ జరుగుతుంది. కనీసం పావుగంట పక్షుల్ని చూసి, కనబడ్డవన్నీ రాసుకుని, ఈబర్డ్ యాప్‌లో ఎక్కించాలి. వినడానికి ఇంతే. కానీ కాకి, పిచ్చుక, గోరింక, చిలుక దాటితే నాకు పేర్లే రావు. మాది నెల్లూరు. పెరట్లో ఆకుల చాటున ఎగిరే చిన్న పిట్టల వెంట పడేకంటే పక్షుల చెరువున్న నేలపట్టుకు పోతే మేలనిపించింది. అక్కడివి పెద్ద పక్షులు. పైగా గూళ్ల మీద కుదురుగా కూర్చుంటాయి.

హైవే మీద సూళ్లూరుపేట వైపు వెళ్తూ దొరవారిసత్రం దగ్గర లోపలికి తిరగాలి. 1976లో ఈ చెరువును పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. వచ్చినవాళ్లు చాలామంది నేరుగా చెరువు గట్టెక్కి సెల్ఫీలు మొదలుపెడతారు. నేను మాత్రం ముందు అక్కడి పర్యావరణ విజ్ఞాన కేంద్రంలోకి వెళ్లి, బొమ్మలు చూస్తూ నోట్సు రాసుకున్నాను. తల, ముక్కు గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే. గూడబాతుకు ముక్కు కింద సంచి ఉంటుంది. నత్తగుల్ల కొంగ ముక్కు మూసుకున్నా మధ్యలో సందు కనిపిస్తుంది. తెల్లకంకణాయికి ఒళ్లంతా తెలుపు, తల, మెడ నలుపు, ముక్కు కిందికి వంపు. నీటికాకి నల్లగా ఉండి, రెక్కలు చాచి ఆరబెట్టుకుంటుంది. తెడ్డుమూతి కొంగ సంగతి పేరే చెబుతుంది.

బైనాక్యులర్ స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్నది. దాని మీద 8×42 అని ఉంది. అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. ముందు కుడికన్ను మూసి మధ్య చక్రంతో ఎడమకన్నుకు సరిచేసుకోవాలి. తర్వాత ఎడమకన్ను మూసి కుడివైపు రింగు తిప్పాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులు లోపలికి తోసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, పక్షి మీంచి చూపు తిప్పకుండా బైనాక్యులరే కళ్ల దగ్గరికి తెచ్చుకోవడం. ఇది చేతికి అలవాటయ్యేదాకా కనిపించేది ఆకాశమే.

వాచ్‌టవర్ ఎక్కాక అసలు టెన్షన్ మొదలైంది. నీళ్లలో నిలబడ్డ ‘కడప’ అనే రకం చెట్లు, వాటి నిండా గూళ్లు, గూళ్ల నిండా పక్షులు. పిల్లలు తిండి కోసం చేసే గోల చెవులు దిమ్మెత్తిస్తుంది. ఒక గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తలంతా దూర్చేసింది. అది చూస్తూ ఉండిపోయి లెక్క మర్చిపోయాను. నా అవస్థ చూసి అక్కడ కాపలా ఉండే పెద్దాయన నవ్వారు.

“అట్లా ఒక్కోదాన్నీ లెక్కేస్తే సాయంత్రమైనా తెమలదు సార్. చెట్టు చెట్టుకీ లెక్కేసుకోండి.”

ఆయన చెప్పినట్టే ఒక చెట్టు తీసుకుని, అందులో పది పక్షులు ఎంత చోటు పట్టాయో చూసుకుని, ఆ అంచనాతో మిగతా కొమ్మలకు పోయాను. గూడబాతులు ఒక విడత, కొంగలు ఇంకో విడత. నీటికాకులు మునిగి తేలుతుంటాయి కాబట్టి వాటిని చివరికి ఉంచాను.

“ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయంట గదా?” అనడిగాను.

“అందరూ అదే అంటారు సార్. ఈ గూడబాతులు మన దేశంవే. ఇక్కడ పుట్టినవి ఇక్కడికే వస్తాయి.”

ఇంటికొచ్చి చదివితే ఆయన మాటే నిజం. గూడబాతు, నత్తగుల్ల కొంగ దక్షిణ, ఆగ్నేయాసియా పక్షులు. చలికాలంలో ఉత్తరాది దేశాల నుంచి దిగేవి చాలావరకు సూదితోక బాతుల్లాంటి బాతులు. అయినా ఏ కొంగ వాలినా సైబీరియా అతిథి అనడం మనకు అలవాటైపోయింది. ఇక్కడి పక్షి అంటే చూసేవాళ్లు రారని భయం కాబోలు!

గూడు నేలపట్టులో ఉన్నా మేత కోసం పులికాట్ సరస్సు దాకా పోతాయని కూడా ఆయనే చెప్పారు. చేపలు అక్కడ, మంచినీళ్లలో నిలబడే చెట్లు ఇక్కడ. రెంటిలో ఏది పాడైనా పిల్లలు బతకవు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకు బలమని ఊళ్లో రైతులు నమ్ముతారు. పక్షుల్ని ఎవరూ తరమకపోవడానికి అదీ ఒక కారణం.

యాప్‌లో ఎక్కించడం సులువే. మొదలుపెట్టిన టైము, ఎంతసేపు చూశాం, ఎంత దూరం నడిచాం, ఏ పక్షి ఎన్ని. లెక్కపెట్టలేకపోతే అంకె బదులు ఎక్స్ పెట్టొచ్చు. కానీ ఉజ్జాయింపు అంకె ఇస్తేనే మేలు. దూరంగా తేలిన ఒక బాతుల గుంపు ఏదో తేలలేదు. ఊహించి రాయక్కర్లేదు, ‘బాతు, జాతి తెలియదు’ అనే అర్థంలో ఎంచుకునే వీలు అందులోనే ఉంది. నేను అదే నొక్కాను.

మీరు వెళ్లేట్టయితే ఇక్కడ పక్షుల పేరిట జరిగే ఫ్లెమింగో ఫెస్టివల్ రోజులు వదిలేయండి. ఆ రోజుల్లో మనుషుల తలలే ఎక్కువ కనిపిస్తాయి. మామూలు రోజున పొద్దున్నే నేలపట్టు చూసుకుని, తర్వాత సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు పట్టుకోండి. రెండు వైపులా పులికాటే. చలికాలం ఎండ దక్షిణం నుంచి పడుతుంది కాబట్టి రోడ్డుకు ఉత్తరం వైపు చూడండి. అటువైపైతే ఫ్లెమింగోల గులాబీ రంగు బాగా తెలుస్తుంది.