పిల్లలే పరిశోధకులైతే అనుమతి ఎవరివ్వాలి? – నా అనుభవం

నా పీహెచ్‌డీ పని అమెరికాలో, అలబామా రాష్ట్రంలో నల్లజాతి వాళ్లు ఎక్కువగా ఉండే బ్లాక్ బెల్ట్ అనే ప్రాంతం పల్లెల్లో. హైస్కూల్లో చదివే నల్లజాతి పిల్లలే ఊరి సమస్య ఎంచుకుని, జనాన్ని అడిగి, లెక్కలు తీస్తారు. పక్కన ఉండి సాయం చేయడమే నా పని.

ముందు యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ, అంటే ఐఆర్‌బీ అనుమతి కావాలి. ఆ ఫారంలో ఈ పిల్లల్ని ఎక్కడ రాయాలో ఎవరికీ తెలియలేదు. పరిశోధకులందామంటే పద్దెనిమిది నిండలేదు. చివరికి తల్లిదండ్రుల సంతకం, పిల్లల సమ్మతి, దాంతోపాటు పరిశోధకులు తీసుకునే శిక్షణ కూడా పెట్టాం. ఆన్‌లైన్ పాఠాలు లాయర్ల కోసం రాసినట్టుంటాయి. వాటి బదులు, పిల్లలు ఒకరినొకరు ఇంటర్వ్యూ చేసుకుంటూ నేర్చుకునే పద్ధతికి కమిటీని ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

అయితే కమిటీ సరే అంటే ఊరు సరే అన్నట్టు కాదు. చర్చి హాల్లో తల్లిదండ్రుల మీటింగ్ పెట్టాం. ఒక అమ్మమ్మ నా రికార్డర్ చేతిలోకి తీసుకుని, ఆపే బటన్ ఏదో చూపించమన్నారు. నొక్కి, ఎర్ర లైటు ఆరిందని చూసుకున్నాకే అడిగారు:

"ఈ మాటలన్నీ చివరికి ఎవరి దగ్గరుంటాయి, బేబీ?"

"యూనివర్సిటీ దగ్గర, మేడమ్."

"అయితే మా పిల్ల రాదు."

టస్కీగీ అనే ఊరు అక్కడికి ఎంతో దూరం లేదు. 1932 నుంచి 1972 దాకా అక్కడి మేకన్ కౌంటీలో యూఎస్ పబ్లిక్ హెల్త్ సర్వీస్ సుమారు 600 మంది నల్లజాతి మగవాళ్లపై అధ్యయనం నడిపింది. వాళ్లలో 399 మందికి సిఫిలిస్ అనే సుఖవ్యాధి. జబ్బు పేరు వాళ్లకు చెప్పలేదు, దాన్ని నయం చేసే పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. ఐఆర్‌బీలను తప్పనిసరి చేసిన 1974 చట్టం ఆ గొడవ తర్వాతే వచ్చింది. ఆ హాల్లో కూర్చున్నవాళ్లకి అదంతా తాతల నాటి ఇంటి సంగతి. ఆవిడ ప్రశ్న నాకు చాలా న్యాయంగా అనిపించింది.

పేర్లు తీసేసిన కాపీ ఒకటి ఊళ్లోనే ఉండాలని, పిల్లలు చూడకుండా ఏదీ అచ్చు వేయకూడదని ఫారం మార్చాం. మళ్లీ కమిటీ, మళ్లీ టెన్షన్. ఈలోగా సెమిస్టర్ అయిపోయింది. ఆవిడ మాత్రం ఈసారి ప్రతి పేజీ చదివి సంతకం పెట్టారు.

ఊరి సమస్యగా పిల్లలు ఇంటర్నెట్‌ని ఎంచుకుంటారనుకున్నాను. వాళ్లు స్కూలు బస్సు అన్నారు. తెల్లవారకముందే ఎక్కాలి. సాయంత్రం ఆటలకో ట్యూషన్‌కో ఆగితే తిరిగి రావడానికి బస్సే ఉండదు. డ్రైవర్లనీ ఇళ్లలో పెద్దవాళ్లనీ అడిగి తీసిన లెక్కలు స్కూల్ బోర్డు ముందు వాళ్లే చదివారు. నన్ను వెనక వరసలో కూర్చోమన్నారు. బోర్డువాళ్లు "పరిశీలిస్తాం" అన్నారు. పిల్లలు వెంటనే వచ్చే నెల ఎజెండాలో పేరు రాయించుకున్నారు.