అంగుళంబావు తగ్గిన డ్రైవర్

పాదాలకు వాడే పౌడర్ స్ప్రే ఒకటి తీసి నా డ్రైవర్ (గోల్ఫ్‌లో బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే పొడుగు కర్ర) ముఖం మీద, అంటే బంతికి తగిలే చదును మీద, తెల్లగా కొట్టాడు ఆ ఫిట్టర్, మనిషికి తగ్గ కర్ర కుదిర్చే ఆయన. "పది బంతులు ఆడండి, స్క్రీన్ వైపు చూడకండి" అన్నాడు. ఆడాను. తర్వాత కర్ర తిప్పి చూపించాడు. ఆ తెల్లటి పూత మీద బంతి తగిలినచోటల్లా రూపాయి బిళ్లంత మచ్చ. ఏడు మచ్చలు మడమ వైపు, అంటే షాఫ్ట్ (కర్ర కాడ) దిగే మూలకి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. రెండు బాగా కిందకి. నడిమధ్యలో ఒకే ఒక్కటి.

నాలుగేళ్లుగా ఆ కర్రతో ఆడుతున్నాను. బంతి ఎటు పోతోందో చూశాను గానీ, కర్ర మీద ఎక్కడ తగులుతోందో ఏ రోజూ చూడలేదు. కొత్త డ్రైవర్ కొనాలనుకునే ఎవరికైనా నేను ముందు చెప్పేది ఇదే. కంపెనీ పేర్లు, కొత్త మోడళ్ల వీడియోలు తర్వాత. ఐదు డాలర్లు పెట్టి ఆ స్ప్రే కొనుక్కుని, ఉన్న కర్ర మీద కొట్టి చూసుకోండి.

నేను గోల్ఫ్ మొదలుపెట్టింది టోక్యో ఒలింపిక్స్ చూశాక. 2021 ఆగస్టు, ఇక్కడ టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో శుక్రవారం రాత్రి. చివరి రౌండ్‌లో మన దేశపు గోల్ఫర్ అదితి అశోక్ పతకానికి ఒక్క స్ట్రోక్, అంటే ఒక్క దెబ్బ, దూరంలో ఆగిపోయి నాలుగో స్థానంలో నిలిచింది. బ్యాగు మోస్తున్నది వాళ్లమ్మ. టీ షాట్ల (ప్రతి హోల్‌కీ కొట్టే మొదటి షాట్) దూరంలో అదితి మిగతావాళ్ల కన్నా చాలా వెనకబడేది, గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీదకి వచ్చేసరికి మళ్లీ అందరి పక్కనే ఉండేది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. మర్నాడే మా ఆయన పాత సెట్టు గరాజ్‌లోంచి బయటికి తీశాను. ఆ తర్వాతి ఏడాది గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా ఆఫీసు కూడా మా ఊరికే వచ్చింది. ఇప్పుడు శనివారం పొద్దున్నే నలుగురం తెలుగువాళ్లం కలిసి ఆడతాం.

ఆ పాత సెట్టులోని డ్రైవరే ఇన్నాళ్లూ వాడింది. లాఫ్ట్, అంటే కర్ర ముఖం వెనక్కి వాలే కోణం, పదిన్నర డిగ్రీలు, పొడవు నలభై ఐదున్నర అంగుళాలు, షాఫ్ట్ బరువు 60 గ్రాముల పైన. ఐదడుగుల పదకొండు అంగుళాల మనిషి కోసం కొన్నది. నా ఎత్తు ఐదడుగుల రెండు. మధ్యలో ఒకసారి మార్చాలని ఒక పెద్ద షాపుకి వెళ్తే, నేరుగా ఆడవాళ్ల ర్యాక్ దగ్గరికి తీసుకెళ్లి ఏ రంగు కావాలని అడిగారు. నా స్వింగ్ ఎలా ఉంటుందని ఒక్కరూ అడగలేదు. ఏదీ కొనకుండా వచ్చేశాను. ఆ రోజు పడ్డ బాధ ఇంకా గుర్తుంది.

ఈసారి అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లాను. అమ్మ కాకినాడ నుంచి వచ్చి ఉంది, ఇంట్లో ఒక్కతే ఏం కూర్చుంటుందని వెంట తీసుకెళ్లాను.

మొదటి పది బంతుల సగటు చెప్తాను. కర్ర వేగం గంటకు 76 మైళ్లు, బంతి వేగం 105. ఈ రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చే అంకెని స్మాష్ ఫ్యాక్టర్ అంటారు. డ్రైవర్‌కి అది ఎంత బాగా కొట్టినా 1.5 దగ్గర ఆగుతుంది. నాది 1.38. అంటే నేను పెట్టిన బలంలో కొంత బంతికి చేరకుండానే పోతోంది. గాల్లో దూరం 143 గజాలు, బంతి పాతిక గజాలు కుడికి వంగుతోంది. పైగా కర్ర మూడు డిగ్రీలు కిందకి దిగుతూ బంతికి తగులుతోంది. ఎల్‌పీజీఏలో ఆడే మహిళా ప్రొఫెషనల్స్ సగటు వేగం 94 మైళ్ల చుట్టుపక్కల ఉంటుంది, వాళ్ల కర్ర పైకి లేస్తూ తగులుతుంది. వేగంలో వాళ్లని నేను అందుకోలేను. తగిలే తీరు మాత్రం నా చేతిలో పని.

అందుకే ఫిట్టర్ ముందుగా ఏ కొత్త కర్రా ఇవ్వలేదు. బంతిని నిలబెట్టే చిన్న పుల్ల, అంటే టీ, దాని ఎత్తు పెంచాడు. డ్రైవర్‌ని నేల మీద ఆనిస్తే బంతి సగం దాని నెత్తికి పైన కనపడాలి, బంతి మన ఎడమ కాలి మడమకి ఎదురుగా ఉండాలి. ఐరన్లతో (తక్కువ దూరాలకి వాడే, పల్చటి లోహపు తల ఉన్న కర్రలు) ఎక్కువ ఆడేవాళ్లకి పొట్టి టీ అలవాటు, నాకూ అంతే. ఈ ఒక్క మార్పుకే కిందకి దిగే కోణం దాదాపు సున్నాకి వచ్చింది. పైసా ఖర్చు లేదు. ఇది సరిచేయకుండా కొత్త కర్రలు పరీక్షిస్తే తప్పు కర్ర కొనుక్కుని ఇంటికొస్తామని ఆయన మాట. నేను ఒప్పుకుంటాను.

ఆ తర్వాత నన్ను బాగా ఊరించిన కర్ర ఒకటి చేతికిచ్చాడు. చాలా తేలిక, పొడవు నలభై ఐదు ముప్పావు అంగుళాలు. వేగం వెంటనే 79కి పెరిగింది. నాలుగో బంతి గాల్లోనే 170 గజాలు! ఇదే కావాలన్నాను. "పదీ ఆడండి" అన్నాడు. పది అయ్యాక సగటు 147. మచ్చలు ముఖం అంతా చెల్లాచెదురు, బంతులేమో రెండు ఫెయిర్‌వేల (బంతి పడాల్సిన పొట్టి గడ్డి దారుల) వెడల్పున పడ్డాయి. స్క్రీన్ మీద మాత్రం ఆ 170 పెద్ద అక్షరాలతో మెరుస్తూనే ఉంది. అక్కడే డబ్బులు పోగొట్టుకుంటాం. కోర్సులో మనం ఆడేది మన మంచి షాట్ కాదు, మన మామూలు షాట్. సగటు చూడాలి, మరీ చెడ్డ మూడూ ఎక్కడ పడ్డాయో చూడాలి.

అప్పుడు పొట్టిది ఇచ్చాడు. నలభై నాలుగుంబావు అంగుళాలు, 12 డిగ్రీలు, షాఫ్ట్ 45 గ్రాములు. చేతిలోకి తీసుకోగానే దూరం తగ్గిపోతుందని భయపడ్డాను. వేగం నిజంగానే ఒక మైలు తగ్గింది, 75. కానీ బంతి వేగం 109కి చేరింది. తొమ్మిది బంతులు నిమ్మకాయంత జాగాలో తగిలాయి. గాల్లో దూరం సగటు 159. పాత కర్ర కంటే అంగుళంబావు తక్కువ, పదహారు గజాలు ఎక్కువ.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. పొడుగు కర్ర వేగాన్నిస్తుంది, నిజమే. కానీ మన చేతికి దూరంగా పోయేకొద్దీ దాని చివర ఎక్కడుందో మనకి పట్టు దొరకదు. రూల్స్ ప్రకారం 48 అంగుళాల దాకా ఉండొచ్చు. 2022 నుంచి పెద్ద టోర్నమెంట్లలో దాన్ని 46కి తగ్గించుకునే వీలు ఇచ్చారు. అంత ఎత్తున్న ప్రొఫెషనల్స్‌లో కూడా చాలామంది 45 దగ్గరే ఉంటారు. షాపు గోడకి వేలాడే కర్రలేమో వాళ్ల కర్రల కన్నా పొడుగ్గా ఉంటాయి!

ఇది చదివి ఇంట్లో ఉన్న డ్రైవర్‌ని రంపంతో కోసేయకండి. షాఫ్ట్ కొస తెగ్గానే కర్ర తల తేలికైపోయినట్టు అనిపిస్తుంది, షాఫ్ట్ కాస్త బిగుసుకుంటుంది. తలలో ఉండే స్క్రూ బరువు మార్చి ఆ తూకం సరిచేయాలి. అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని.

అమ్మ అప్పటిదాకా మూల కుర్చీలో కూర్చుని శాలువా కప్పుకుని చూస్తోంది. స్క్రీన్ మీద అంకెలేవీ ఆమెకి అర్థం కావు. ఉన్నట్టుండి అంది: "ఇందాకటి దానికి పగిలిన కుండ చప్పుడు వచ్చిందే. ఇది బాగా పలికింది."

సంతలో కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని గానీ డబ్బులివ్వని మనిషి ఆమె. ఫిట్టర్‌కి ఆ మాట ఇంగ్లీషులో చెప్తే ఆయన కర్ర పక్కన పెట్టి, కంప్యూటర్ కన్నా ముందు తనూ చెవినే నమ్ముతానన్నాడు. ఇప్పటి డ్రైవర్ తల నిజంగా కుండే కదా. 460 క్యూబిక్ సెంటీమీటర్ల వరకు సైజు, లోపలంతా డొల్ల, చాలావాటికి పల్చటి టైటానియం ముఖం. మధ్యలో తగిలితే ఒక రకంగా, మడమలో తగిలితే ఇంకో రకంగా మోగుతుంది. ఆ తర్వాత ప్రతి బంతికీ అమ్మ వైపు చూశాను. తల ఊపితే మధ్యలో తగిలినట్టే.

ఒకప్పుడు ఇవి చెక్కవే. 1979లో టేలర్‌మేడ్ కంపెనీ స్టీలు తల తెచ్చేదాకా, ఆ తర్వాత కూడా కొన్నేళ్లు, మంచి డ్రైవర్ అంటే పర్సిమన్ చెక్కే. ఆ చెట్టు మన తునికికి దగ్గరి చుట్టం, ఒకే ప్రజాతి. బీడీ ఆకు చెట్టు తాలూకు అమెరికా అక్కతో ఇక్కడివాళ్లు గోల్ఫ్ కర్రలు చెక్కుకున్నారని అమ్మకి చెప్తే, తునికి పండ్లు ఎక్కడైనా దొరుకుతాయా అని అడిగింది.

షాఫ్ట్ మీద అక్షరాల సంగతి. ఎల్, ఏ, ఆర్, ఎస్, ఎక్స్ అని మెత్తని దాని నుంచి బిగువైన దాని దాకా ఉంటాయి. ఎల్ అంటే లేడీస్ అని, ఏ అంటే పెద్దవయసు మగవాళ్లదని చెప్తారు. ఈ అక్షరాలకి అన్ని కంపెనీలూ ఒప్పుకున్న కొలత అంటూ లేదు. ఒకరి ఆర్ ఇంకొకరి ఎస్ అంత బిగువుగా ఉండొచ్చు. నాకు ఎల్, ఏ రెండూ పెట్టి చూశాడు. నిజం చెప్పాలంటే అంకెల్లో పెద్ద తేడా లేదు, ఏ తో చెల్లాచెదురు కొంచెం తగ్గింది, అంతే. అక్షరం కన్నా బరువు ముఖ్యమని నాకు అనిపించింది. 60 గ్రాముల షాఫ్ట్‌తో పన్నెండో హోల్ దగ్గరికి వచ్చేసరికి నా భుజాలు బరువెక్కేవి. 45తో ఆ ఇబ్బంది లేదు.

ఇక ఆ కుడి వంపు, స్లైస్. నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది అదే. దానికి రెండు కారణాలున్నాయని ఆ రోజు తెలిసింది. ఒకటి, కర్ర వెళ్లే దారికి ముఖం కుడివైపు తెరుచుకుని ఉండటం. అది నా చేతుల తప్పు, ఏ కర్రా పూర్తిగా మాన్పలేదు. రెండోది మడమలో తగలడం. అక్కడ తగలగానే తల ఒకవైపు మెలి తిరుగుతుంది, ఒకదానికొకటి పట్టుకున్న పళ్ల చక్రాల్లాగా బంతి దానికి ఎదురువైపు తిరుగుతుంది. కుడిచేతి వాటం వాళ్లకి అది కుడికి వంపు. తగిలే చోటు మధ్యలోకి రాగానే ఈ రెండో భాగం దానంతటదే పోయింది. తల వెనక ఉన్న చిన్న బరువుని మడమ వైపుకి జరిపాక పాతిక గజాల వంపు పన్నెండుకి దిగింది. మిగిలిన పన్నెండు నేను ప్రాక్టీసులో తగ్గించుకోవాల్సినవి.

గ్రిప్ కూడా సన్నది వేయించుకున్నాను. నా చెయ్యి చిన్నది, పాత గ్రిప్ పట్టుకుంటే వేళ్లు చుట్టూ తిరిగి వచ్చేవి కావు, గట్టిగా బిగించాల్సి వచ్చేది.

కంపెనీల విషయానికొస్తే, మూడు కంపెనీల తలలు అదే షాఫ్ట్‌కి బిగించి ఆడాను. మధ్యలో తగిలిన బంతులకి మూడింటి మధ్యా తేడా నాలుగు గజాలు కూడా లేదు. పక్కకి తగిలినప్పుడు మాత్రం ఒకదానికి దూరం మిగతావాటంత తగ్గలేదు. అది పోయినేటి మోడల్, 350 డాలర్లు. ఈ ఏడాది కొత్తది 600. మిగిలిన డబ్బులు పాఠాలకి పెట్టుకోవచ్చని పోయినేటిదే తీసుకున్నాను.

ఆర్డర్ ఇచ్చేముందు బయట రేంజ్‌లో, అంటే ప్రాక్టీసు మైదానంలో, ఆడనివ్వమని పట్టుబట్టాను. గది లోపల గాలి ఉండదు. మా ఊళ్లో వసంతం వచ్చిందంటే దక్షిణం గాలి తోసేస్తూ ఉంటుంది. 12 డిగ్రీలతో బంతి గాలికి ఎదురెళ్లి అక్కడే నిలబడిపోతుందేమోనని టెన్షన్ పడ్డాను. నిలబడలేదు. బంతిని గాల్లో నిలబెట్టేది ఎత్తు ఒక్కటే కాదు, వెనక్కి తిరిగే స్పిన్ కూడా. మధ్యలో తగిలేసరికి నా స్పిన్ పాతదానికన్నా తగ్గింది.

మొన్న శనివారం మా జట్టులో వదిన అని పిలిచే ఆవిడ ఈ కర్ర అడిగి తీసుకుంది. బ్యాడ్మింటన్ ఆడి వచ్చిన మనిషి, మణికట్టులో భలే వేగం. మూడు బంతులు ఆడింది. మూడూ ఎడమవైపు చెట్లలోకి వంకర తిరిగి పోయాయి. నాకు సరిపోయిన తేలిక షాఫ్ట్, మడమ వైపు బరువు ఆవిడకి ఏమాత్రం పనికిరాలేదు. "నీకు ఇంత బాగా కుదిరింది కదమ్మా, నాకేమిటిలా?" అని ఆవిడ బాధపడింది. గురువారం సాయంత్రానికి అదే ఫిట్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసి ఇచ్చాను. పాత డ్రైవర్ తప్పకుండా తీసుకెళ్లమని, పొడుగు టీలు నాలుగు బ్యాగులో వేసుకోమని చెప్పాను. అమ్మ తనూ వస్తానంటోంది, చప్పుడు వినడానికి.