ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అనుమానం: సీటీ గదిలో నేను పాటించే పద్ధతి

ఊపిరితిత్తుల ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడిందేమోనని కేసు రాగానే రేడియాలజిస్టుగా నేను ముందు అడిగేవి డి-డైమర్ (ఒంట్లో గడ్డ ఆనవాళ్లు చూసే రక్తపరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష). అనుమానం అంత బలంగా లేని రోగిలో డి-డైమర్ మి.లీ.కు 500 నానోగ్రాముల లోపు ఉంటే స్కాన్ అక్కర్లేదు. 50 ఏళ్లు దాటినవారికి వయసును 10తో గుణిస్తే వచ్చే అంకె హద్దు. అనుమానం గట్టిగా ఉంటే ఆ పరీక్ష కోసం ఆగం, నేరుగా సీటీయే. సీటీకి ఎక్కించే మందు కిడ్నీకి భారం కావొచ్చు కాబట్టి, కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి, ప్రాణాపాయం లేకపోతే, ముందు కాళ్ల డాప్లర్ (సిరల్లో గడ్డ చూసే అల్ట్రాసౌండ్) చేయిస్తాను.

తర్వాత సూది. మోచేతి మడతలో, వీలైతే కుడిచేతికి, లావుపాటి 18 లేదా 20 గేజ్ కాన్యులా (నరంలో ఉంచే సూదిగొట్టం) ఉండాలి. అరచేతి వెనక సన్నటి నీలం కాన్యులాతో పంపితే మార్పిస్తాను. రక్తనాళాలు స్కాన్‌లో తెల్లగా కనిపించేలా ఎక్కించే కాంట్రాస్ట్ మందు సెకనుకు 4, 5 మి.లీ. వేగంతో వెళ్లాలి. ఆ ఒత్తిడికి నరం చిట్లితే చెయ్యి వాస్తుంది, స్కానూ పాడవుతుంది. కాంట్రాస్ట్ సుమారు 60 మి.లీ., వెనకే 40 మి.లీ. సెలైన్. సెలైన్ తోయకపోతే చిక్కటి మందు పై మహాసిరలో (గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర) నిలిచిపోయి, పక్కనున్న కుడి ఊపిరితిత్తి ధమని మీద చారలు పడతాయి. లేని గడ్డ ఉన్నట్టు కనిపించేది అక్కడే.

అన్నిటికన్నా ఎక్కువ స్కాన్లు చెడేది ఊపిరి దగ్గర. "గట్టిగా పీల్చండి" అని ఎప్పుడూ చెప్పించను. గట్టిగా పీలిస్తే ఛాతీలో ఒత్తిడి తగ్గి, పొట్టవైపు నుంచి మందు కలవని రక్తం ఒక్కసారిగా గుండెలోకి వస్తుంది. సరిగ్గా మనకు కావలసిన క్షణంలో ధమని వెలవెలబోతుంది. "మామూలుగా పీల్చి, అలాగే ఆపండమ్మా" అని ముందే రెండుసార్లు సాధన చేయించాలి. ఒళ్లంతా వేడెక్కుతుందని, మూత్రం వచ్చినట్టు ఉంటుందని కూడా చెప్పాలి. చెప్పకపోతే ఆ వేడికి ఉలిక్కిపడి గుండెల నిండా పీల్చేస్తారు. ఆయాసంతో ఆపలేనివారికి కింది నుంచి పైకి స్కాన్ చేస్తాం, ఎక్కువ కదిలే అడుగుభాగం ముందే అయిపోతుంది.

ధమని మొదలులో సాంద్రత (మందు వల్ల వచ్చే తెలుపు) 100 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు దాటగానే మెషీన్ స్కాన్ మొదలుపెడుతుంది. రోగిని బల్ల మీద నుంచి దించకముందే అక్కడి సాంద్రత కొలుస్తాను. 200 కూడా రాకపోతే చిన్న కొమ్మల గురించి "గడ్డ లేదు" అని రాయలేం.

చదివేటప్పుడు 1 మి.మీ. ముక్కలు, విండో (తెరమీద తెలుపు-నలుపు తేడాను సర్దే అమరిక) వెడల్పు 700. మామూలు విండోలో మందు తెలుపు మరీ మెరిసి చిన్న గడ్డను మింగేస్తుంది. గడ్డ దొరికాక గుండె కుడి, ఎడమ జఠరికలను (కింది గదులను) కొలుస్తాను. కుడిది ఎడమదానికన్నా వెడల్పుగా ఉంటే గుండె మీద భారం పడుతున్నట్టే. రిపోర్టు టైపయ్యేదాకా ఆగకుండా డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేస్తాను.