పాపకు నా వాసన, నాకు పాప వాసన: ఎన్‌ఐసీయూ నుంచి ఇంటి దాకా నా అనుభవం

మా పాప 33వ వారంలోనే 1,700 గ్రాముల బరువుతో పుట్టింది. ఊపిరి సరిగా అందడం లేదని వెంటనే ఎన్‌ఐసీయూకు, అంటే నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగానికి తీసుకువెళ్లడంతో, బిడ్డను తల్లి రొమ్ముపై పడుకోబెట్టే ఆ తొలి గంట మాకు దక్కలేదు. డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించే నాకు ఆ గంట విలువ తెలుసు కాబట్టి బాధ మరింత ఎక్కువైంది. 1994లో వరెండి, పోర్టర్, వింబర్గ్ అనే పరిశోధకులు ప్రసవం కాగానే తల్లి రొమ్ముల్లో ఒకదాన్ని మాత్రమే కడిగించి, బిడ్డను రెండింటి మధ్య బోర్లా పడుకోబెట్టి చూస్తే, 30 మంది శిశువుల్లో 22 మంది కడగని రొమ్మునే వెతుక్కున్నారు. చూపు ఇంకా మసకగా ఉండే ఆ వయసులో బిడ్డకు దారి చూపేది వాసనే. మా పాపకేమో అద్దాల పెట్టె, మందుల వాసన, శానిటైజర్ పూసుకున్న నా చేతులు మాత్రమే అందుబాటులో ఉన్నాయి.

ఈ లోటు తీర్చే మార్గం ఒక సీనియర్ నర్సు చెప్పారు. ఉతికి ఆరబెట్టిన మెత్తని నూలు గుడ్డ ముక్కలను రాత్రంతా నా రవిక లోపల ఉంచుకొని, ఉదయం శుభ్రమైన కవరులో పెట్టి ఇస్తే, ఒకటి పాప తల పక్కన పెట్టి, అంతకు ముందు పెట్టిన దాన్ని నాకు తిరిగి ఇచ్చేవారు. మొదట్లో ఆ గుడ్డకు స్పిరిట్ వాసనే వచ్చేది. తరువాత తరువాత దాని మడతల్లో, అప్పుడే కాచిన పాల మీది మీగడ వంటి కమ్మదనం తెలియసాగింది. దాన్ని ముక్కుకు దగ్గరగా పెట్టుకొని పాలు పిండుకుంటే త్వరగా పడేవి. ఇది నా శరీరం చెప్పిన మాట, దీనికి వేరే సాక్ష్యం నాకు అక్కరలేదు.

పాప ఊపిరి కుదుటపడగానే కంగారూ సంరక్షణ మొదలుపెట్టారు. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే సనాబ్రియా అనే వైద్యుడు ప్రారంభించిన ఈ పద్ధతిలో, డైపరు, టోపీ మాత్రమే ఉన్న బిడ్డను తల్లి గుండెలకు నేరుగా ఆనించి గుడ్డతో కట్టి ఉంచుతారు. మన దేశంతో సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో, కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న శిశువులకు పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెట్టి చూస్తే, తొలి 28 రోజుల్లో మరణాలు 25 శాతం తగ్గినట్లు 2021లో వెలువడిన అధ్యయనం తేల్చింది. మా పాప బరువు సరిగ్గా ఆ కోవలోదే.

అలా కట్టుకొని కూర్చున్నప్పుడు పాప మాడు నా ముక్కు కిందికి వచ్చేది. టోపీ అంచు కొద్దిగా జరిపితే, పల్చని జుట్టు మొదళ్లలో ఆ కమ్మని వాసన చిక్కగా ఉండేది. 2013లో లుండ్‌స్ట్రామ్ అనే పరిశోధకుడి బృందం, రెండు రోజుల శిశువుల దుస్తుల వాసనను కొత్తగా తల్లులైన 15 మందికీ, పిల్లలు లేని 15 మందికీ చూపించి మెదడును స్కాన్ చేసినప్పుడు, ఆనందాన్నిచ్చే వాటికి స్పందించే మెదడు భాగం రెండు గుంపుల్లోనూ చురుకైంది, కాని తల్లుల్లో ఎక్కువగా చురుకైంది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ చర్మాన్ని కప్పి ఉంచే వెర్నిక్స్ అనే తెల్లని పూత పాప ఒంటి మడతల్లో ఇంకా మిగిలి ఉంటే, దాన్ని నర్సులు తుడవకుండా ఉంచడం నాకు ఎంతో నచ్చింది. ఐదింట నాలుగు వంతులు నీరే అయిన ఆ పూత చర్మాన్ని కాపాడుతుంది. పుట్టిన బిడ్డకు కనీసం 24 గంటల వరకు స్నానం చేయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి అదీ ఒక కారణం.

పాలు తాగించే దశ అన్నిటికంటే కష్టమైంది. వార్డులో ప్రతిసారీ రొమ్మును యాంటీసెప్టిక్‌తో తుడవమనేవారు. చనుమొన చుట్టూ నల్లని వలయంలో ఉండే మాంట్‌గోమరీ గ్రంథుల స్రావం వాసనకే నిద్రలో ఉన్న శిశువులు సైతం నోరు కదుపుతారని 2009లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపించారు. మందుతో తుడిస్తే ఆ వాసన పోతుంది కదా అని నేను వైద్యురాలిని గట్టిగా అడిగాను. ఆమె విని, మామూలు నీటితో రోజూ చేసే స్నానం చాలునని రాసి ఇచ్చారు. ఆ తరువాత గొట్టం ద్వారా పాలు ఎక్కించేటప్పుడు పాపను రొమ్ము దగ్గరే ఉంచాము. ఒకరోజు ఆమె ముక్కు పుటాలు అదిరి, తల పక్కకు తిరిగి, నాలుక చనుమొనను తాకింది. చప్పరించింది రెండు మూడు గుక్కలే అయినా, నర్సు నా కంటే ముందు సంతోషించారు.

ఇంటికి వచ్చాక సాంబ్రాణి, పౌడరు, సబ్బు ప్రస్తావన వచ్చింది. మా అత్తగారు ఎందరికో పురుడు పోసిన మనిషి కాబట్టి, కారణం చెప్పకుండా వద్దంటే నొచ్చుకుంటారు. ఆమెను కూర్చోబెట్టి, పొగ పాప ఊపిరితిత్తులకు మంచిది కాదనీ, పౌడరు, సెంటు వాసనలు నా వాసనను కప్పేస్తాయనీ వివరించాను. సాంబ్రాణి పూర్తిగా మానేశారు. నూనె మర్దన మాత్రం వైద్యురాలిని అడిగి, వాసన కలపని కొబ్బరి నూనెతో ఆమే చేశారు. నేను కాలేజీకి తిరిగి వెళ్లడం మొదలుపెట్టాక, పిండి ఉంచిన పాలు గిన్నెతో పట్టేటప్పుడు, ముందు రోజు నేను కట్టిన చీరను ఆమె భుజం మీద వేసుకుంటున్నారు. ఉతికిన చీర వేసుకుంటే పాప పేచీ పెడుతోందని గమనించి నాకు చెప్పింది కూడా ఆవిడే.