మీటరు కర్ర, బతుకమ్మ, ఇంగ్లండ్ దోస్తులు

పాత దోస్తులారా, మనం చదువుకునే రోజుల్లో హన్మకొండలోని మన బడికీ ఇంగ్లండ్‌లో ఓ చిన్న ఊరి బడికీ జోడీ కుదిరిన కొత్తలో అంతా ఫొటోల ముచ్చటే. మేం వేయిస్తంభాల గుడి, కాకతీయ తోరణం పంపితే వాళ్లు చర్చి, మంచు పంపారు. అవి నోటీసు బోర్డు మీద రంగు వెలిశాయి. ఇట్లాంటి జోడీలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. ఇప్పుడు నేనూ టీచర్నే కాబట్టి ఆ సంగతి బాగా తెలుసు.

ఫిజిక్స్ సార్ మాత్రం ఊరుకోలేదు. మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున రెండు బళ్లలోనూ మీటరు కర్ర నిలబెట్టి నీడ కొలవాలన్నారు. రాయి కట్టిన దారం పక్కన పెట్టి కర్ర నిటారుగా ఉందో లేదో చూసి, జెండా గద్దె దగ్గర సిమెంటు మీద సుద్దతో గీతలు పెట్టాం. అన్నిటికన్నా పొట్టి నీడ 12 గంటలకు కాదు, 12:20 దగ్గర పడింది. అక్కడ మబ్బు పట్టిందని కబురొస్తే, వాళ్లతో పాటు మేమూ మర్నాడు మళ్లీ కొలిచాం. మాది 32 సెంటీమీటర్లు దాటింది, వాళ్లది 123. "గంత పొడుగా సార్?" అని వెనక బెంచీ నుంచి కేక. ఆ నీడల నుంచి కట్టిన ఎండ కోణాల తేడా 33 డిగ్రీలు. అట్లాసులో ఉత్తర దక్షిణాల దూరం 3,700 కిలోమీటర్లు. 33 డిగ్రీలకు అంత దూరమైతే 360 డిగ్రీలకు ఎంతని లెక్క కడితే భూమి చుట్టుకొలత 40,360 దాకా వచ్చింది. అసలు లెక్క దాదాపు 40,000. రెండు వేల ఏళ్ల కిందట గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ఈజిప్టులో పట్టిన కిటుకే ఇది. ఒక్క బడి నీడతో తేలేది కాదు.

ఆ తర్వాతే అసలు ప్రశ్నలు మొదలయ్యాయి. అంత కష్టపడి గునుగు, తంగేడు పేర్చి బతుకమ్మను చెరువులో ఎందుకు వదిలేస్తారని వాళ్లడిగారు. ఎవరికీ తెలియదు. మా నాయనమ్మనడిగితే, "పుట్టింటికొచ్చిన ఆడబిడ్డను సాగనంపమా?" అంది. అదే రాసి పంపాం.

ఇంకో ముచ్చట. అక్టోబరు చివరి ఆదివారం వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుతారని మాకెవరూ చెప్పలేదు. వాళ్లతో మాట్లాడదామని తలలు నున్నగా దువ్వుకుని కంప్యూటర్ ముందు గంటసేపు ఎదురుచూస్తూ కూర్చున్నాం.

సార్ ట్రాన్స్‌ఫర్ కాగానే అంతా ఆగిపోయింది. ఉత్తరాలూ మెయిళ్లూ ఆయన పేరు మీదే నడిచేవి మరి. ఆ జోడీని ఇప్పుడు మళ్లీ మొదలుపెడదాం. 2022లో వరంగల్ యునెస్కో లెర్నింగ్ సిటీల నెట్‌వర్క్‌లో, అంటే అన్ని వయసుల వాళ్లకూ చదువు అందేలా చూసే ఊళ్ల జట్టులో చేరింది. మన బ్యాచుల పిల్లలు డల్లాస్‌లో, లండన్‌లో బళ్లకు పోతున్నారు. ఆ బళ్లలో ఒక టీచర్ను పరిచయం చేయండి చాలు. ఇక్కడ మాత్రం ఉత్తరాలు బడి పేరు మీదే రావాలి, ఇద్దరు టీచర్లయినా చూసుకోవాలి. నీడ లెక్క సెప్టెంబరులో పెట్టుకోవచ్చు. అప్పుడూ పగలూ రాత్రీ సమానమే, పరీక్షల టెన్షన్ ఉండదు. మబ్బుల భయం ఈసారి మనకే ఎక్కువ.